పుస్తకంలో పేరుందా?

(ఒక జిల్లా కేంద్రంలోని గ్రంథాలయం హాల్లో, ఆదివారం సాయంత్రం, ముప్పై ఏళ్లుగా వైద్య కేసులు వాదిస్తున్న ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే, సంతోషం.

మొదట నేనే ఒక ప్రశ్న అడుగుతాను. ఆర్‌ఎంపీ అంటే ఎవరండీ?

(సభలోంచి: "ఊళ్లో సూదులేసే ఆయన!")

అదీ! నవ్వకండి, ఆయన చెప్పింది తప్పేం కాదు. శ్రీకాకుళంలో అడిగినా ఆదిలాబాదులో అడిగినా ఇదే జవాబు వస్తుంది. చట్టం పుస్తకం తెరిస్తే మాత్రం ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. ఎంబీబీఎస్ చదివి, మెడికల్ కౌన్సిల్లో పేరెక్కించుకుని, నెంబరు తెచ్చుకున్న డాక్టరు. హైదరాబాదులో గుండె కోసి కుట్టే సర్జను గారు అచ్చమైన ఆర్‌ఎంపీ. సంచీలో సిరంజి, గ్లూకోజు సీసా వేసుకుని మోపెడ్ మీద తిరిగే మన ఊరాయన కాదు. అదేమిటంటే, ఆయన ఆర్ అక్షరానికి రూరల్ అని అర్థం చెబుతాడు. చట్టం ఏ మాటతో పేరు నమోదైన వైద్యుణ్ణి పిలుస్తుందో, అదే మాటతో మనం నమోదు కాని మనిషిని పిలుస్తున్నాం. నేనేదో భాషాశాస్త్రం మాట్లాడటానికి రాలేదు గానీ, ఈ మాట ఇలా తలకిందులవడంలోనే మన కథ చాలావరకు ఉంది. మనం ఆ పుస్తకం వైపు చూడటం మానేశాం. అసలు చూశామా ఎప్పుడైనా అన్నది ఇంకో ప్రశ్న.

పుస్తకం అంటున్నాను కదా, అది రిజిస్టరు. వైద్యుల పేర్లు రాసుకునే రిజిస్టరు. 1858లో ఇంగ్లండులో మెడికల్ యాక్టు అని ఒకటొచ్చింది. ఆ చట్టం ఎందుకు తెస్తున్నామో మొదట్లోనే రాసుకున్నారు. వైద్యం కావాల్సిన మనిషికి, చదువుకున్న వైద్యుడెవరో చదవనివాడెవరో తేడా తెలియాలి, అందుకట. గమనించారా? డాక్టర్ల గౌరవం కోసమనో, వాళ్ల సంఘం కోసమనో అనలేదు. రోగి కోసం అన్నారు. ఎవరి హస్తవాసి మంచిదో సర్కారు తేల్చలేదు. కానీ ఎవరు చదివారో రాసి, నలుగురికీ కనపడేలా పెట్టగలదు. అంతే ఆలోచన. ఆ రిజిస్టరు పుట్టిందే మీ కోసం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: మన కోసం పుట్టిన పుస్తకం రానురాను డాక్టర్ల ఇంటి వ్యవహారంగా ఎలా మారిందీ అని.

ఆ ఇంగ్లండు చట్టం చూసే ఇక్కడా రాశారు. 1912లో బొంబాయి, 1914లో మద్రాసు ప్రెసిడెన్సీ. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే కదా. దేశం మొత్తానికి ఒక మెడికల్ కౌన్సిల్ కావాలని 1933లో చట్టం చేశారు, 1956లో దాన్ని తిరగరాశారు. మనకి విడిగా 1968లో ఆంధ్రప్రదేశ్ మెడికల్ ప్రాక్టీషనర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక కౌన్సిళ్లూ రెండయ్యాయి. 2010లో ఢిల్లీలో పెద్ద గొడవ. జాతీయ కౌన్సిల్ అధ్యక్షుణ్ణే సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది, కౌన్సిల్ని రద్దు చేసి పాలకమండలిని కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి పడుతూ లేస్తూ 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం చేసి, 2020 సెప్టెంబరు 25 నుంచి అమల్లో పెట్టారు. చరిత్ర ఇంతకంటే అక్కర్లేదు, పరీక్ష పెట్టను.

ఇప్పుడు చట్టం ఏమంటోంది? డిగ్రీ ఉన్నంత మాత్రాన వైద్యం చేయడానికి లేదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. వైద్యం చేయనిచ్చేది రిజిస్టరు. గోల్డ్ మెడల్ వచ్చినా, పుస్తకంలో పేరు లేకపోతే మందు చీటీ రాయకూడదు. మేమూ అంతేనండోయ్, లా చదివి బార్ కౌన్సిల్లో పేరెక్కకపోతే నల్లకోటు వేసుకోవడానికి లేదు. పేరు లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం సెక్షన్ 34 కింద ఏడాది దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పాత 1956 చట్టంలో జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలు. ఏళ్ల తరబడి అదే వెయ్యి. ఒకరోజు సూదుల డబ్బు!

అయిదు లక్షలనగానే భయపడి అందరూ దుకాణాలు కట్టేశారా అంటే, మీరే చూస్తున్నారు. ఒక కారణం చట్టంలోనే ఉంది. ఈ నేరం మీద కోర్టు కేసు తీసుకోవాలంటే కమిషనో, దాని బోర్డో, రాష్ట్ర కౌన్సిలో అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పక్కింటాయన పోలీసుస్టేషనుకి పరిగెత్తితే సరిపోదు. ఈ మధ్య తెలంగాణలో కౌన్సిల్ వాళ్లే క్లినిక్కులు తిరిగి తనిఖీలు చేసి కేసులు పెట్టిస్తున్నారు, పేపర్లో చూసే ఉంటారు. రెండో కారణం చట్టంలో లేదు, మన ఊళ్లో ఉంది.

మా ఊళ్లో ఒకాయన ఉండేవారు. పేరెందుకు, అందరూ ఆర్‌ఎంపీ గారనే అనేవాళ్లు. పట్నంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పదేళ్లు చేసి ఊరికొచ్చారు. నా చిన్నప్పుడు మా అమ్మకి తేలు కుట్టింది, అర్ధరాత్రి, వాన. ఆయన గొడుగు కూడా లేకుండా వచ్చారు. సూది వేశారు, తెల్లారేదాకా అరుగు మీద కూర్చున్నారు. డబ్బు పంట మీద ఇమ్మన్నారు. పుస్తకంలో పేరున్న డాక్టరు అప్పటికి మాకు పద్దెనిమిది మైళ్ల దూరం, ఆరు దాటితే బస్సు లేదు. అదే ఆయన ఇంకో పదేళ్లకి మా బాబాయికి గుండెనొప్పిని గ్యాసనుకుని ఇంజెక్షను వేసి పడుకోమన్నారు. బాబాయి లేవలేదు. నేను లా చదవడానికి అది కారణమని చెబితే నాటకంగా ఉంటుంది, కారణం అది కాదు. కానీ ఆ రెండు రాత్రుల్నీ పక్కపక్కన పెట్టుకోకుండా నేను ఈ విషయం మీద మాట్లాడలేను. ఆయన మంచితనానికి కొరత లేదు. తెలియనిదేదో తెలుసుకునే చదువు లేదు. లైసెన్సు అడిగేది ఆ చదువునే.

1996లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసొచ్చింది. బొంబాయిలో హోమియో చదివిన డాక్టరు జ్వరానికి అల్లోపతి మందులు వాడాడు, రోగి చనిపోయాడు. కోర్టు ఏమందంటే, ఒక వైద్య పద్ధతిలో ఎంత చదివినా, తెలియని పద్ధతిలో వైద్యం చేస్తే ఆ పద్ధతికి సంబంధించినంతవరకు నువ్వు నకిలీ వైద్యుడివే. కాబట్టి బోర్డు మీద డాక్టర్ అని ఉందా అని కాదు చూడాల్సింది, ఏ పుస్తకంలో పేరుంది అని. ఆయుర్వేదానికి, హోమియోకి వేరే కమిషన్లు పెట్టడానికి 2020లో చట్టాలు చేశారు. నర్సులకి 1947 నాటి చట్టం ఉండేది, 2023లో కొత్తది చేశారు. ఫార్మసిస్టులది 1948 చట్టం. దాని సంగతి ఒక్క మాట. మందుల షాపులో గోడకి ఫ్రేము కట్టి ఒక సర్టిఫికెట్ వేలాడుతుంటుంది చూశారా? ఆ ఫొటోలో ఉన్నాయనా, కౌంటర్లో ఉన్నాయనా ఒక్కరేనా అని ఎప్పుడైనా పోల్చి చూడండి. సర్టిఫికెట్ అద్దెకివ్వడం మన దగ్గర పెద్ద రహస్యమేం కాదు. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ల లాంటి వాళ్లకి 2021 దాకా జాతీయ స్థాయిలో చట్టమే లేదు.

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ హాల్లో ఉండే ఉంటారు. రష్యా, కిర్గిజ్‌స్తాన్, చైనా, ఫిలిప్పీన్స్. వాళ్లకి 2002 నుంచి స్క్రీనింగ్ పరీక్ష ఉంది, మనవాళ్లు ఎఫ్‌ఎంజీ అంటారు. మూడొందలకి నూటయాభై వస్తేగానీ పుస్తకంలో పేరెక్కదు. కష్టమైన పరీక్ష, నేను కాదనను. అయితే 2022 డిసెంబరులో సీబీఐ ఒక కేసు పెట్టింది. ఆ పరీక్ష పాసుకాకుండానే 73 మంది పద్నాలుగు రాష్ట్రాల కౌన్సిళ్లలో పేర్లు ఎక్కించుకున్నారని ఆరోపణ. కేసు తేలాలి, తేలేదాకా ఎవరూ దోషులు కారు. కానీ ఆలోచించండి, ఊరి ఆర్‌ఎంపీని పట్టుకోవడానికి పుస్తకం చూడమంటాం. ఆ పుస్తకంలోనే దొంగ పేరు రాసి ఉంటే దేన్ని చూడాలి?

సరే, లైసెన్సు గురించి ఇంత. ఇక తప్పు చేసిన డాక్టరుని ఏం చేస్తారు అన్న దగ్గరికి వద్దాం. నా బతుకుదెరువు ఇక్కడే.

పాత ఇంగ్లీషు చట్టంలో ఒక మాట ఉండేది, వృత్తికి తలవంపులు తెచ్చే నడవడి అని. దాని వారసత్వమే మన 2002 నాటి నియమావళి. డాక్టరు ఏం చేయకూడదో అందులో ఉంది. కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. రోగుల్ని తెచ్చే ఏజెంట్లని పెట్టుకోకూడదు. దొంగ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. రోగి రహస్యం బయటపెట్టకూడదు. ఏ విభాగంలో ప్రత్యేక చదువు లేదో ఆ స్పెషలిస్టునని బోర్డు పెట్టకూడదు. చీటీ మీద, రసీదు మీద రిజిస్ట్రేషన్ నెంబరు వేయాలి. అయిదేళ్లలో ముప్పై గంటలు కొత్త విషయాలు నేర్చుకునే తరగతులకి హాజరవ్వాలి. మీకు బాగా పనికొచ్చేది ఒకటి: ఆసుపత్రిలో చేరిన రోగి కేస్ షీటు మూడేళ్లు దాచాలి, రోగి గానీ ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇది రాసుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది చేతిలో డిశ్చార్జి కాగితం తప్ప ఏమీ ఉండదు. రాతపూర్వకంగా అడగండి, అడిగినట్టు ముద్ర వేయించుకోండి, ఆ తేదీ నుంచి లెక్కపెట్టండి.

2023 ఆగస్టు 2న దీని స్థానంలో కొత్త నియమావళి వచ్చింది. మందుల పేర్లు కంపెనీ బ్రాండుతో కాక జెనెరిక్ పేరుతోనే, అంటే అసలు మందు పేరుతోనే రాయాలన్నారు, డాక్టర్లు భగ్గుమన్నారు. ఇరవయ్యొక్క రోజులకి, ఆగస్టు 23న, పక్కన పెట్టేసి పాతదాన్నే మళ్లీ అమల్లోకి తెచ్చారు. సినిమా కూడా మూడువారాలు ఆడితే ఫరవాలేదంటారు, ఇది అంతకంటే ముందుకి పోలేదు.

కమీషన్ల సంగతికి వస్తాను, ఎందుకంటే అక్కడే మన ఆర్‌ఎంపీ గారు మళ్లీ కనపడతారు. ఊళ్లో కడుపునొప్పి వస్తుంది. ఆయన ఫలానా ఆసుపత్రికి రాసిస్తాడు, దగ్గరుండి ఆటో ఎక్కిస్తాడు. బిల్లులో వాటా ఆయనకి వెళుతుంది. మీరు కట్టే డబ్బులో అది కలిసే ఉంటుంది. నియమావళి ప్రకారం ఆ వాటా ఇవ్వడం డాక్టరు తప్పు. కానీ ఇచ్చేది డాక్టరు కాదే, ఆసుపత్రి మార్కెటింగ్ విభాగం. మెడికల్ కౌన్సిల్‌కి డాక్టరు మీద అధికారం ఉంది, ఆసుపత్రి మీద లేదు. ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఇక పుచ్చుకున్నాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి కొట్టేయడానికీ లేదు. చూశారా, ఇచ్చినవాడు అందడు, తీసుకున్నవాడు అందడు. మధ్యలో ఒక యువ డాక్టరు, జీతగాడు, దొరికిపోతాడు. ఆసుపత్రికి లైసెన్సు వేరే చట్టం. ఆంధ్రలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, తెలంగాణలో కేంద్రం చేసిన 2010 చట్టం. అక్కడికి ఫిర్యాదు జిల్లా వైద్యాధికారి ఆఫీసులో, అదే డీఎంహెచ్‌వో దగ్గర ఇవ్వాలి. డాక్టరు మీద కౌన్సిల్, ఆసుపత్రి మీద డీఎంహెచ్‌వో. ఈ తేడా తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు నా క్లయింటు ఒకాయన కథ. స్కూలు మాస్టారు. భార్యకి ఒక ఆపరేషనయ్యాక రక్తస్రావం ఆగలేదు, రాత్రంతా డ్యూటీ డాక్టరు తప్ప ఎవరూ రాలేదు, తెల్లవారుజామున పోయింది. మాస్టారు డబ్బు వద్దన్నారు. "ఆ రాత్రి ఏం జరిగిందో ఎవరైనా చదువుకున్నవాళ్లు చూసి, తప్పయితే తప్పని రాయాలి, అంతే సార్" అన్నారు. అలాంటి మనిషికి వినియోగదారుల కోర్టు సరిపోదు, క్రిమినల్ కేసు సరిపోదు. కౌన్సిలే సరైన చోటు. ఫిర్యాదు వేశాం. నియమావళి ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి. ఆరు నెలలకి మాకు వచ్చింది, ఫిర్యాదు అందిందన్న కాగితం.

రెండో ఏడాది కౌన్సిల్లో డాక్టర్ల నడవడి విచారించే ఎథిక్స్ కమిటీ పిలిచింది. హాల్లో అయిదుగురు కూర్చున్నారు, అందరూ డాక్టర్లే. మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పాలి. ఒక పెద్దాయన కేస్ షీటు మూడుసార్లు తిప్పి చూశారు. ఆ మాస్టారు బయటికొచ్చాక నాతో అన్నమాట: "వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్న ఇంగ్లీషు నాకు తెలుసు సార్, నేను ఇంగ్లీషు మాస్టార్నే. తెలియనిది వాళ్ల మొహాలు." నాలుగో ఏడాది ఉత్తర్వు వచ్చింది. రెండు పేరాలు. నిర్లక్ష్యం కనపడలేదు, ఫిర్యాదు మూసేస్తున్నాం. ఎందుకు కనపడలేదో లేదు.

సరే, అప్పీలుకి వెళదామన్నారు మాస్టారు. 2002 నియమావళి కింద ఎవరైనా, రోగి తరఫువాళ్లయినా, 60 రోజుల్లో ఢిల్లీలో జాతీయ కౌన్సిల్‌కి అప్పీలు చేసుకునే వీలుండేది. ఆ కౌన్సిల్ పోయి కమిషన్ వచ్చాక సంగతి మారింది, 2019 చట్టం సెక్షన్ 30 తీసి చూపించాను. రాష్ట్ర కౌన్సిల్ చర్యతో నష్టపోయిన వైద్యుడు కమిషన్ కిందుండే ఎథిక్స్ బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే కమిషన్‌కి ఇంకో అప్పీలు. రెండు మెట్లు. ఎవరికి? వైద్యుడికి. రోగి మాట ఆ సెక్షన్లో లేదు. మాస్టారు రెండుసార్లు చదివారు. "మర్చిపోయారా సార్, కావాలనే వదిలేశారా?" అనడిగారు. నాకు జవాబు తెలియదన్నాను. ఇప్పటికీ అంతే. 2022 చివర్లో రోగులకీ అప్పీలు ఇద్దామని సవరణ ముసాయిదా ఒకటి జనం ముందు పెట్టారు. కానీ మాస్టారు కేసు నాటికి మిగిలింది హైకోర్టులో రిట్ ఒక్కటే. అది ఖర్చు, అది కాలం. ఆయన వద్దనుకున్నారు.

ఇందాక ఇంటి వ్యవహారం అన్నాను కదా, ఇదీ అది. తీర్పరులు డాక్టర్లు, ప్రతివాది డాక్టరు, పై మెట్టుకి వెళ్లే దారి డాక్టరుకి. ఫిర్యాదుదారు సమాచారం ఇచ్చి పక్కకి తప్పుకోవాలి. కమిషన్లో 33 మంది ఉంటారు. న్యాయం, నీతిశాస్త్రం, రోగుల హక్కులు, యాజమాన్యం, ఆర్థికం, ఇన్నిటినీ ఒక కుండలో వేసి వాటన్నిటికీ కలిపి ముగ్గురిని వేశారు. ఇంగ్లండులో ఇలాంటి జనరల్ మెడికల్ కౌన్సిల్లో పన్నెండుమంది, ఆరుగురు డాక్టర్లు, ఆరుగురు డాక్టర్లు కానివాళ్లు. దర్యాప్తు చేసేది కౌన్సిల్, తీర్పు చెప్పేది 2012లో విడిగా పెట్టిన ట్రిబ్యునల్. మన తెలుగు పిల్లలు ఎంతోమంది అక్కడ డాక్టర్లు కాబట్టి మీలో కొందరికి తెలిసే ఉంటుంది, అక్కడ కౌన్సిల్ నుంచి ఉత్తరమొస్తే ఇంట్లో అన్నం ముద్ద దిగదు.

వాళ్లు పుట్టుకతో మంచివాళ్లని ఇది చెప్పడం లేదు. దెబ్బ తిని నేర్చుకున్నారు. హెరాల్డ్ షిప్‌మన్ అని ఒక డాక్టరు, మాంచెస్టర్ పక్కన హైడ్ అనే ఊళ్లో. 2000 జనవరిలో పదిహేనుమంది రోగుల్ని చంపాడని శిక్ష పడింది. తర్వాత విచారణ సంఘం మొదటి నివేదికలో 215 మందిని చంపాడని తేల్చింది. ముసలివాళ్లు ఎక్కువ. ఇంటికొచ్చి సూది వేసి వెళ్లేవాడు, అందరూ మంచి డాక్టరనే అనుకున్నారు. ఇదే మనిషికి 1976లో, దొంగ చీటీలు రాసి పెథిడిన్ అనే మత్తు మందు తీసుకున్నాడని కోర్టులో శిక్షపడింది. మెడికల్ కౌన్సిల్ ఏం చేసింది? హెచ్చరిక ఉత్తరం రాసి వదిలేసింది. పేరు పుస్తకంలోనే ఉంది. ఆ పేరు చూసుకునే జనం ఆయన దగ్గరికి వెళ్లారు. ఆ విచారణ సంఘం కౌన్సిల్ మొహాన్నే చెప్పింది, మీరు డాక్టర్ల ప్రయోజనం చూశారు, రోగులది కాదు అని. అక్కడి మార్పుల వెనక ఆ చావులున్నాయి. 2012 డిసెంబరు నుంచి అక్కడ ప్రతి డాక్టరూ అయిదేళ్లకోసారి తాను ఇంకా పనికొస్తానని నిరూపించుకోవాలి.

ఇక్కడ డాక్టర్ల పక్షం కూడా చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. వాళ్ల తరఫునా వాదించాను. రోగి చనిపోయిన ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. బంధువులు అద్దాలు పగలగొట్టి, పోలీసుల్ని తెచ్చి, సెటిల్‌మెంటుకి బేరం పెట్టే మధ్యవర్తుల్ని మీరూ చూసే ఉంటారు. అందుకే 2005లో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసు పెట్టాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు ముందు నిష్పాక్షికమైన డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, మామూలు కేసుల్లోలాగా అరెస్టు చేయకూడదు అంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106 చూడండి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ల దాకా. అదే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వైద్యం చేస్తూ చేస్తే రెండేళ్ల దాకా. కింద వివరణ కూడా రాశారు, ఎవరి పేరు వైద్యుల రిజిస్టరులో ఉందో వాళ్లే ఆ మాటకి అర్థం అని. అంటే మన ఊరి ఆర్‌ఎంపీ కోర్టులో నేను ఆర్‌ఎంపీనే అంటే కుదరదు. ఆయనకి అయిదేళ్ల లెక్కే.

శిక్షలు ఎలా ఉంటాయంటే, మందలింపు, కొన్నాళ్లు పేరు తీసేయడం, శాశ్వతంగా కొట్టేయడం. పేరు కొట్టేస్తే ఆ సంగతి స్థానిక పత్రికల్లో బాగా ప్రచారం చేయాలని నియమావళిలో ఉంది. మీరెప్పుడైనా చదివారా? నేను ముప్పై ఏళ్లుగా పేపరు చదువుతున్నాను. ఎంత కచ్చితంగా ఉండొచ్చో చూపించే చట్టం ఒకటుంది, లింగనిర్ధారణ నిషేధ చట్టం. డాక్టరు మీద కోర్టు అభియోగాలు నమోదు చేయగానే రిజిస్ట్రేషన్ సస్పెన్షన్. మొదటిసారి శిక్ష పడితే అయిదేళ్లు పేరు తీసేయాలి. రెండోసారి అయితే శాశ్వతంగా. మిగతా తప్పులన్నిటికీ కమిటీ విచక్షణ. ఆడపిల్ల పుట్టకముందు ప్రాణానికి ఉన్న రక్షణ, పుట్టి పెరిగి ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ఆడమనిషికి లేదన్నమాట. మాస్టారు గుర్తొచ్చి అన్నాను, ఏమనుకోకండి.

సమయమైపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న, ఒక పెద్దావిడ: "మా వీధి డాక్టరు చీటీ మీద నెంబరు లేదు బాబూ. అడిగితే కోపం తెచ్చుకుని మందు సరిగా ఇవ్వడేమో?")

అమ్మా, ఆయన్ని అడగక్కర్లేదు. కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు కొడితే వస్తుంది. మీ మనవడు ఫోనులో రెండు నిమిషాల్లో చూసి పెడతాడు. పేరుంటే ఏ చదువు నమోదైందో కూడా చూడండి. పేరు లేకపోతే అప్పుడు కోపం తెచ్చుకోవాల్సింది మీరు.

(ప్రశ్న: "కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే నష్టపరిహారం ఇప్పిస్తుందా?")

ఇప్పించదు. కౌన్సిల్ పేరు మీదే చర్య తీసుకుంటుంది, డబ్బు మీద కాదు. డబ్బుకి వినియోగదారుల కమిషన్. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వాదన కాదని సుప్రీంకోర్టు డాక్టర్లని ఆ చట్టం కిందికి తెచ్చింది. రెండేళ్లలోపు వేయాలి. కోల్‌కతా కేసొకటి ఉంది, 2013లో సుప్రీంకోర్టు 5.96 కోట్లు వడ్డీతో ఇమ్మంది. అదే సంఘటన మీద అక్కడి రాష్ట్ర కౌన్సిల్ మొదట్లో డాక్టర్ల తప్పు లేదంది. రెండు చోట్లా వేయొచ్చు, ఒకటి ఇంకోదానికి అడ్డం కాదు.

(ప్రశ్న, ఒక కుర్రవాడు: "మీ ఊరి ఆర్‌ఎంపీ గారు ఏమయ్యారు సార్?")

పోయారు బాబూ, పెద్దవయసులోనే. వాళ్లబ్బాయి కిర్గిజ్‌స్తాన్‌లో చదివాడు, స్క్రీనింగ్ పరీక్ష మూడోసారికి పాసయ్యాడు. అదే ఇంట్లో, అదే అరుగు మీద బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. బోర్డు మీద నెంబరు రాయించాడు. నేను చూసి కౌన్సిల్ పుస్తకంలో సరిచూసుకున్నాను కూడా, అలవాటు. చట్టం ప్రకారం మా ఊరికి మొట్టమొదటి ఆర్‌ఎంపీ అతనే. అతన్ని మాత్రం అందరూ డాక్టరుగారంటారు. ఆర్‌ఎంపీ గారింటికి వెళ్లి డాక్టరుగారికి చూపించుకొస్తాం అంటారు.